వేడినీళ్ళకు, పురుగుల షెడ్డుకు కరెంటు ఖర్చు తగ్గించుకొనడం ఎట్లా?



ఈనాటి ప్రసంగంలో చలికాలంలో మనం వేడి కోసం ఖర్చు చేసే కరెంటును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. కరెంటు అనగానే రైతుకు బోరు మోటారు గుర్తుకు వస్తుంది. అది సహజమే. కాని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో కార్తీకం వెళ్ళింది మొదలు శివరాత్రి వరకు, మోటారుతో సంబంధం లేకుండా మీటరును గిరగిర తిప్పే పనులు మూడు ఉన్నవి. ఒకటి, పట్టుపురుగుల షెడ్డును వెచ్చగా ఉంచడం. రెండు, ఇంట్లో స్నానానికి నీళ్ళు కాచడం. మూడు, ధర్మవరం వైపు పట్టునూలు ఉడికించడానికి, రంగులు వెయ్యడానికి నీళ్ళు మరిగించడం.

మనది ఎండల సీమే. అయినా హిందూపురం సముద్రమట్టానికి దాదాపు 2000 అడుగుల ఎత్తున ఉన్నది. చలికాలంలో మబ్బు ఉండదు, గాలిలో తేమ తక్కువ. పగలు నేల తాగిన వేడి అంతా రాత్రికి ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. తెల్లవారుజాముకు 16 డిగ్రీల చుట్టుపక్కలకు దిగడం మామూలు. మనిషికైతే కంబళి ఉన్నది. పిల్లపురుగుకు కంబళి ఏది?

అందుచేత షెడ్డులో హీటర్లు పెడతాము. నెల తిరిగేసరికి బిల్లు వస్తుంది. బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. మరుసటి పంటకు, 'ఈసారి హీటరు వద్దులే, పురుగు ఎట్లనో ఓర్చుకుంటుంది' అని అనుకుంటాము. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. చలికి పురుగు సరిగా ఆకు ముట్టదు. కొన్ని ముందుగా జ్వరానికి కూర్చుంటవి, కొన్ని వెనుకబడతవి. పంట దినాలు పొడుగవుతవి. కూలీ పెరుగుతుంది, ఆకు వృథా అవుతుంది. చలీ తేమా కలిసిన చోట సున్నపుకట్టు రోగం తలఎత్తుతుంది. ద్విసంతతి పురుగులకు ఈ బాధ మరీ ఎక్కువ. హీటరు మీద మిగుల్చుకొన్న డబ్బు హిందూపురం గూళ్ళ మార్కెట్టులో వేలం వేళకు ఎన్ని రెట్లుగా పోతుందో మీకు చెప్పనక్కరలేదు.

కనుక ఈనాడు నేను చెప్పదలచిన మాట ఒక్కటే. పురుగుకు కావలసిన వేడిని తగ్గించవద్దు. పురుగుకు అందకుండా కప్పు గుండా, సందుల గుండా, మూతలేని కాగు గుండా పోయే వేడిని తగ్గించండి. చిల్లుకుండలో నీళ్ళు నిలవడం లేదని ఇంకా నాలుగు బిందెలు పోసేవాడిని చూసి నవ్వుతాము గదా. రేకుల షెడ్డులో రెండో హీటరు పెట్టడమూ అట్లాంటిదే.

వేడికి ఒక లెక్క ఉన్నది

ముందుగా చిన్న లెక్క నేర్చుకుందాము. 1000 వాట్ల హీటరు ఒక గంట మండితే ఒక యూనిట్ అవుతుంది. ఆ ఒక్క యూనిట్ వేడి 860 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వెచ్చబరుస్తుంది. లేదా 86 లీటర్లను 10 డిగ్రీలు, 43 లీటర్లను 20 డిగ్రీలు పెంచుతుంది. అనగా, కాచే నీళ్ళు ఎన్ని లీటర్లో, ఎన్ని డిగ్రీలు పెంచాలో ఆ రెండింటినీ హెచ్చవేసి, 860తో భాగిస్తే ఎన్ని యూనిట్లు కాలుతవో తెలుస్తుంది. రాడ్డు పెద్దదైనా చిన్నదైనా ఈ లెక్క మారదు. 2000 వాట్ల రాడ్డు త్వరగా కాస్తుంది, 1000 వాట్లది నిదానంగా కాస్తుంది. నీళ్ళకు పట్టే వేడి మాత్రం ఒక్కటే. 'చిన్న రాడ్డు తెచ్చాను, కరెంటు ఆదా అవుతుంది' అనుకొనడం భ్రమ.

ఈ లెక్కలోనే ఆదా చేసే మార్గాలు దాగి ఉన్నవి. వేడి చేసేది తక్కువగా ఉండాలి. పెంచే డిగ్రీలు తక్కువగా ఉండాలి. చేసిన వేడి తప్పించుకొని పోకూడదు. ఇక ఏ పని తీసుకొన్నా ఈ మూడు ప్రశ్నలే వేసుకోండి.

స్నానపు నీళ్ళు

ఇంట్లో అయిదుగురు ఉన్నారనుకుందాము. మనిషికి 20 లీటర్ల బకెట్టు చొప్పున 100 లీటర్లు. మిద్దె మీది ట్యాంకులో రాత్రంతా చలికి నానిన నీళ్ళు తెల్లవారేసరికి 18 డిగ్రీలు ఉంటవనుకోండి. స్నానానికి 40 డిగ్రీలు చాలు. 22 డిగ్రీలు పెంచాలి. లెక్క వేస్తే రోజుకు రెండున్నర యూనిట్లకు పైన, నెలకు 77 యూనిట్లు.

ఇప్పుడు బోరు సంగతి చూడండి. పుష్యమాసపు తెల్లవారుజామున బోరు నీళ్ళలో చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటవి. ఎందుకంటే లోతున ఉన్న భూమికి చలికాలం అంటదు. ఆ నీళ్ళు 26 డిగ్రీలు ఉంటే పెంచవలసినవి 14 డిగ్రీలే. నెలకు 49 యూనిట్లతో సరిపోతుంది. ఇంటి బోరు ఉన్నవారు రాత్రి ట్యాంకు నింపి పెట్టుకొనే బదులు, స్నానాల వేళకు నీళ్ళు పట్టుకొంటే చాలు, నెలకు 28 యూనిట్లు మిగులుతవి. పైసా ఖర్చు లేదు.

బోరు లేనివారు, పంచాయతీ కుళాయి నీళ్ళు పట్టేవారు ఏం చెయ్యాలి? నల్ల డ్రమ్మొకటి తెచ్చి మూతపెట్టి, పగలంతా ఎండ తగిలేచోట పెట్టండి. సాయంత్రం అయిదింటికి దాని మీద గోనెపట్టాలో, పాత కంబళో కప్పండి. సాయంకాలం స్నానం చేసేవారికి రాడ్డు అక్కరే ఉండదు. పొలం పని ముగించుకొని వచ్చే మనకు సాయంకాలపు స్నానమే సుఖం గదా.

ఈ యూనిట్ల విలువ ఎంత? ఇక్కడొక కిటుకు ఉన్నది. ఇంటి కరెంటుకు యూనిట్ ధర ఒక్కటిగా ఉండదు, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 2022–23 టారిఫ్ ప్రకారం గృహాలకు మొదటి 30 యూనిట్లు రూ. 1.90 చొప్పున, 75 వరకు రూ. 3, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6, ఆపైన 400 వరకు రూ. 8.75 చొప్పున పడినవి. మామూలుగా 150 యూనిట్లు కాల్చే ఇల్లు చలికాలంలో రాడ్డుకు 77 యూనిట్లు అదనంగా కాలిస్తే, ఆ 77కు పడేది కింది మెట్టు ధర కాదు, పైమెట్టు ధర. సుమారు రూ. 467 అవుతుంది. 49 యూనిట్లయితే రూ. 294. కనుక మీరు ఆదా చేసే ప్రతి యూనిట్ మీ బిల్లులో అన్నిటికన్నా ఖరీదైన యూనిట్ అని గుర్తుంచుకోండి. మెట్ల ధరలు మారినా ఈ సూత్రం మారదు.

గీజరు ఉన్న ఇళ్ళలో, దానిని రాత్రింబవళ్ళు వేసి ఉంచవద్దు. వాడినా వాడకున్నా అది లోపలి వేడిని గోడకు ధారపోస్తూనే ఉంటుంది. స్నానానికి పావుగంట, ఇరవై నిమిషాల ముందు వెయ్యండి. వేడి మట్టాన్ని 50, 55 డిగ్రీల వద్ద నిలపండి. మరుగుతున్న నీళ్ళలో చన్నీళ్ళు కలిపి, సగం బకెట్టు పారబోసే అలవాటు మానండి. కాచి పారబోసిన నీళ్ళు మీటరు లెక్కలో కరెంటును పారబోసినట్లే.

మన బోరు నీళ్ళు కరుడు నీళ్ళు. నెలా రెండు నెలలకు రాడ్డు మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది. దానివల్ల కరెంటు ఎక్కువ కాలుతుందని చాలామంది అనుకుంటారు. రాడ్డు నీళ్ళలోనే మునిగి ఉంటుంది గనుక వేడి చివరకు నీళ్ళకే చేరుతుంది. అసలు కీడు వేరే ఉన్నది. పొర మందమైతే లోపలి తీగ మితిమీరి కాగి, పైగొట్టం పగులుతుంది. అప్పుడు నీళ్ళకు కరెంటు వస్తుంది. అందుకని నెలకొకసారి స్విచ్చి తీసి, రాడ్డు చల్లారిన తర్వాత చింతపండు పులుసులోనో, నిమ్మరసం కలిపిన నీళ్ళలోనో నానబెట్టి తోమండి. ఇది పొదుపు మాట కాదు, ప్రాణం మాట.

పురుగుల షెడ్డు

ఇక అసలు విషయానికి వస్తాను. పట్టుపురుగుకు ఏ దశలో ఎంత వేడి కావాలో పరిశోధన సంస్థలు ఏనాడో నిర్ణయించినవి. మొదటి దశలో 28 డిగ్రీలు, రెండో దశలో 27, మూడో దశలో 26, నాల్గవ దశలో 25, అయిదవ దశలో 24. పురుగు పెరిగేకొద్దీ వేడి అవసరం తగ్గుతుంది. తేమ కూడా అంతే. చాకీలో నూటికి 85 నుంచి 90 పాళ్ళు ఉంటే, ఆఖరి దశలో 65 నుంచి 70 పాళ్ళు చాలు.

దీనిలో రైతుకు పనికివచ్చే రహస్యం ఒకటి ఉన్నది. వేడి ఎక్కువగా కావలసిన దశలో పురుగు ఆక్రమించే చోటు అతి తక్కువ. 100 గుడ్ల మొత్తాలకు, రెండో దశ ముగిసేసరికి కూడా తట్టలలో 45 చదరపు అడుగుల చోటు చాలు. తట్టలను ఒకదానిమీద ఒకటి పేర్చితే అది ఒక మూల. అయిదో దశకు 360 చదరపు అడుగుల వరకు కావాలి, కాని అప్పుడు 24 డిగ్రీలే చాలు. ఇట్లుండగా మనం చేసేదేమి? మూలనున్న గుప్పెడు పురుగుల కోసం 600 చదరపు అడుగుల షెడ్డంతా వేడిచేస్తాము.

రెండు హీటర్లు, ఒక్కొక్కటి 2000 వాట్లు, రాత్రి ఎనిమిదింటి నుంచి ఉదయం ఆరింటి వరకు మండితే, రాత్రికి 40 యూనిట్లు. పది రాత్రులకు 400 యూనిట్లు. ఇదంతా పురుగుకు చేరుతున్నదా? సిమెంటు రేకుల కప్పు, లోపల ఇంకేమీ లేని 600 చదరపు అడుగుల షెడ్డులో, లోపలికీ బయటికీ 10 డిగ్రీల తేడా ఉన్నప్పుడు ఒక్క కప్పు గుండానే గంటకు సుమారు 3 యూనిట్ల వేడి పోతుంది. మన పెద్దలు కట్టిన చౌడుమట్టి మిద్దెలలో చలి ఎందుకు తెలిసేది కాదో ఇప్పుడు బోధపడి ఉంటుంది. ఆ మట్టి మందమే వారి హీటరు.

రేకుల షెడ్డు కట్టుకొన్నాము, పడగొట్టలేము. దానికేం చెయ్యాలి? వరుసగా చెబుతాను.

ఒకటి. షెడ్డులో గాలి తగలని మూల, 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు మేర చాకీ గదిని వేరు చెయ్యండి. కర్రలు పాతి, చుట్టూ పైనా టార్పాలిన్ పట్టలు కట్టండి. పైకప్పు 8 అడుగులకు మించనక్కరలేదు. వేడిగాలి పైకి పోతుంది గనుక, ఎత్తు ఎక్కువైతే వేడి పురుగుకు గాక కప్పుకు చేరుతుంది. ఇట్టి గదికి 1000 వాట్ల హీటరు ఒకటి సాధారణంగా చాలు. అది కూడా ఎడతెరిపి లేకుండా మండదు. 40 యూనిట్లు కాలేచోట పది యూనిట్ల లోపల సరిపెట్టవచ్చు.

రెండు. పురుగులు పెద్ద షెడ్డుకు మారక ముందే రేకుల కింద ఒక అడుగు జాగా విడిచి పట్ట కట్టండి. మధ్య నిలిచిన గాలే దుప్పటి. రేకుల పైన కొబ్బరి మట్టలో, బోదగడ్డో పరిస్తే చలికాలంలో వేడినీ, ఎండకాలంలో చల్లదనాన్నీ కూడా నిలుపుతుంది. ఒక ఖర్చుకు రెండు కాలాల ఫలితం. లోపల కట్టే పట్ట కడిగేందుకు వీలుగా ఉండాలి. గోనెపట్టాలు కడితే రోగక్రిములు పంట పంటకూ అందులోనే కాపురం ఉంటవి. పంటకు ముందు గదితోబాటు పట్టను కూడా బ్లీచింగు పౌడరు, సున్నం కలిపిన ద్రావణంతో శుభ్రం చెయ్యవలెను.

మూడు. సందులు మూయండి. రాత్రివేళ ఒక దీపం పట్టుకొని తలుపుల పక్కన, కిటికీల పక్కన, గోడకు రేకుకు మధ్య నడవండి. దీపం రెపరెపలాడిన చోటల్లా మీ రూపాయి బయటికి పోతున్నదన్నమాట. ఆ సందులను గడ్డి తాడుతోనో, గుడ్డతోనో, మట్టితోనో మూయండి. అట్లని షెడ్డును డబ్బా మాదిరి బిగించవద్దు. మేత వేసే వేళ కాస్త గాలి మారనివ్వండి. పెద్ద పురుగులకు మరీ ముఖ్యం. మొత్తం పంటలో తినే ఆకులో అయిదింట నాలుగు పాళ్ళు అయిదో దశలోనే తింటవి. ఆ దశలో పురుగులూ, వాటి పడకా కూడా వేడినీ, తేమనూ విడుస్తవి. అప్పుడు గాలి కావాలి, అధిక వేడి అక్కరలేదు. మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు కిటికీలు తెరిచి, పొద్దు వాలక ముందే మూయండి. పగటి వేడి ఉచితంగా లోపల నిలుస్తుంది.

నాలుగు. ఉష్ణమాపకం లేకుండా హీటరు వెయ్యవద్దు. బయట 16 డిగ్రీలు ఉన్నప్పుడు లోపల 26 నిలిపితే తేడా 10. చెయ్యి చాచి చూసి, 'ఇంకా చల్లగానే ఉంది' అని 30 దాకా వేడి చేస్తే తేడా 14. ఖర్చు నూటికి 40 పాళ్ళు పెరిగినట్లే, పైగా పురుగుకు చెరుపు. ఉష్ణమాపకాన్ని గోడకు కాదు, తట్టల మధ్య, పురుగుల ఎత్తున వేలాడదీయండి. వేడి చాలినప్పుడు తనంతట తానే ఆరిపోయే థర్మోస్టాట్ పెట్టించుకొంటే, రాత్రి రెండింటికి లేచి స్విచ్చి తియ్యవలసిన బాధ తప్పుతుంది. దాని ఖరీదు కాల్చే వృథా కరెంటులోనే తిరిగివస్తుంది.

అయిదు. తేమ విషయం. ఇది చాలామంది గమనించరు. హీటరు గాలిని వేడిచేస్తుందే గాని తేమను ఇవ్వదు. 16 డిగ్రీల వద్ద నూటికి 80 పాళ్ళు తేమ ఉన్న గాలిని 27 డిగ్రీలకు వేడి చేస్తే, తేమ 40 పాళ్ళకు దిగుతుంది. ఆకు గంటలో వాడిపోతుంది, పురుగు తినదు. దానికి విరుగుడుగా గదంతా నీళ్ళు చల్లుతాము. కాని ఒక లీటరు నీళ్ళు ఆవిరి కావాలంటే యూనిట్‌లో మూడింట రెండు పాళ్ళ వేడి తాగుతుంది. ఆ వేడి ఎవరిది? మీ హీటరుదే. కనుక తేమను గదికి గాక తట్టకు పట్టించండి. తట్ట అడుగున, పైన మైనం కాగితం, అంచుల చుట్టూ తడిపిన స్పంజి పేళ్ళు పెట్టండి. జ్వరానికి కూర్చున్నప్పుడు మాత్రం పై కాగితం, స్పంజి పేళ్ళు తీసివేసి పడకను ఆరనివ్వండి.

ఇంకొక మాట. పదిమంది రైతులు పది మూలల్లో పది హీటర్లు వెలిగించే బదులు, చాకీ కేంద్రంలో ఒక్క గది వెచ్చబెడితే అందరి పురుగులూ పెరుగుతవి. రెండో జ్వరం దాటిన పురుగులను తెచ్చుకొనే రైతుకు 28, 27 డిగ్రీల బాధ ఉండదు. కరెంటు కోసమే కాదు, పురుగు ఒకే తీరుగా ఎదగడానికి కూడా ఇదే మేలు. ఊళ్ళో ఇటువంటి కేంద్రం లేకపోతే, నలుగురు కలిసి మంచి మిద్దె ఉన్నవారి ఇంట్లో ఒక గదిని చాకీకి ఏర్పాటు చేసుకోవచ్చు.

పొదుపు పేరుతో చేయకూడని పనులు

కరెంటు ఖర్చని బొగ్గుల కుంపటి వైపు మళ్ళేవారు ఉన్నారు. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పురుగులకు కాపలాగా కుంపటి పక్కన పడుకొన్న మనిషికి మత్తు కమ్మినట్లు ఉండి, మళ్ళీ లేవకపోవచ్చు. కుంపటి ఉన్న మూసిన గదిలో ఎవరూ, ఎప్పుడూ నిద్రించకూడదు. బాలింతలు, పసిబిడ్డలు ఉన్న గదిలోనూ ఇదే మాట. ముసలివారికి చలి వేస్తే గదినంతా వెచ్చబెట్టే పని లేదు. మన కురుబలు నేసిన కంబళి, కాళ్ళ దగ్గర గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సంచీ, ఆ రెండూ చేసే మేలు హీటరు చేయలేదు.

రెండోది, తీగల సంగతి. 2000 వాట్ల హీటరు తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. బల్బుకు వేసిన సన్నతీగకు దానిని తగిలిస్తే తీగే హీటరవుతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిన మందపు తీగ, సరియైన ఎర్త్, కరెంటు కారితే వెంటనే ఆగిపోయే బ్రేకరు, ఇవి తప్పనిసరి. హీటరుకు పట్ట, గడ్డి, కాగితం మూడడుగుల దూరంలో ఉండాలి. బకెట్టులో రాడ్డు ఉన్నంతసేపు నీళ్ళలో వేలు పెట్టి చూడవద్దు. స్విచ్చి తియ్యండి, ప్లగ్గు ఊడదీయండి, తర్వాతనే చెయ్యి పెట్టండి. ఈ మాట ఇంట్లో పిల్లలకు రోజూ చెప్పండి.

మూడోది, వ్యవసాయపు బోరు లైను నుంచి షెడ్డుకు తీగ లాగడం. అది నేరమూ, ప్రమాదమూ కూడా. షెడ్డుకు వేరే సర్వీసు ఉంటే అది ఏ కేటగిరీలో ఉన్నదో బిల్లు మీద చదవండి. సందేహం ఉంటే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ వారి సెక్షను ఆఫీసులో కాగితం పెట్టి అడగండి.

ధర్మవరం సోదరులకు

పట్టునూలును సబ్బు, సోడా నీళ్ళలో ఉడికించి జిగురు తీస్తేనే మెరుపు వస్తుందని మీకు తెలుసు. 100 లీటర్ల నీటిని 22 డిగ్రీల నుంచి 92 డిగ్రీలకు తేవడానికి ఎనిమిది యూనిట్లకు పైన పడుతుంది. ఆ నీళ్ళు ముందుగా ఎండకు 57 డిగ్రీలకు చేరితే, మిగిలేది నాలుగు యూనిట్ల పని. ఇంటి కప్పు మీద సూర్యరశ్మితో నీళ్ళు కాచే పరికరం పెట్టుకొంటే సగం ఖర్చు సూర్యుడే భరిస్తాడు. కాగుకు మూత మరువకండి. కాగు నుంచి ఆవిరిగా పోయే ప్రతి లీటరుతో అర యూనిట్‌కు పైగా వేడి పోతుంది. కాగు చుట్టూ మట్టి, ఊక కలిపి మందంగా మెత్తితే పక్కల నుంచి పోయే వేడి తగ్గుతుంది. కట్టెలతో కాచేవారికి కూడా ఈ మాటలన్నీ వర్తిస్తవి. వారికి ఇంకొక పని ఎక్కువ. కాగు లోపల కట్టిన సున్నపు పొర మంట వేడిని అడ్డగిస్తుంది గనుక, దానిని తప్పక గీకివేయాలి.

సూర్యుని విషయంలో మన సీమకు దేవుడు లోటు చెయ్యలేదు. వాన ఇవ్వడానికి వెనుకాడినా ఎండ ఇవ్వడానికి వెనుకాడడు. నంబులపూలకుంట వద్ద వేల ఎకరాలలో సౌరవిద్యుత్ పలకలు పరిచింది అందుకే. ఇంటికి 100 లీటర్ల సౌర నీళ్ళ పరికరానికి రెండు చదరపు మీటర్ల పలక చాలు. దానిని దక్షిణానికి వాల్చి, చెట్టునీడ పడకుండా పెట్టించండి. కరుడు నీళ్ళకు ఓర్చే రకమేదో కొనే ముందు అడిగి తెలుసుకోండి. కరెంటు పుట్టించే పలకలకు 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ. 30,000 చొప్పున, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం రూ. 78,000 సబ్సిడీ నిర్ణయించారు. అయితే ఒక హెచ్చరిక. ముందు చిల్లులు మూసి, తర్వాత పలకలు కొనండి. చిల్లులు మూసిన ఇంటికి చిన్న పలక చాలుతుంది.

గ్రామ సిబ్బందికి ఒక సూచన

ఉపన్యాసాలకన్నా మీటరు చెప్పేమాట రైతు త్వరగా వింటాడు. మీ పరిధిలో ఒక షెడ్డును తీసుకొని, రాత్రి ఎనిమిదింటికి, ఉదయం ఆరింటికి మీటరు అంకెలు రాయించండి. అవే వేళల్లో లోపలి వేడి, బయటి వేడి కూడా రాయించండి. కాలిన యూనిట్లను, లోపలికీ బయటికీ ఉన్న సగటు డిగ్రీల తేడాతో భాగించండి. ఉదాహరణకు 40 యూనిట్లు కాలి, తేడా 10 డిగ్రీలుంటే, డిగ్రీకి 4 యూనిట్లు. పట్ట కట్టి, సందులు మూసిన తర్వాత మరల చూడండి. 16 యూనిట్లు కాలి, తేడా 8 ఉంటే డిగ్రీకి 2 యూనిట్లు. ఇట్లా చూస్తేనే న్యాయమైన పోలిక. లేకుంటే, ఆ రాత్రి చలి తక్కువ గనుక ఖర్చు తగ్గిందో, పని చేసినందువల్ల తగ్గిందో తేలదు. ఆ కాగితాన్ని పక్క రైతులకు చూపండి. సాంకేతిక సందేహాలకు హిందూపురం దగ్గర కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన సంస్థ ఉండనే ఉన్నది.

రైతు సోదరులారా, చెప్పినవన్నీ ఒక్కరోజులో చెయ్యలేరు, చెయ్యనక్కరలేదు. ఈ వారం ఉష్ణమాపకం తెచ్చి తట్టల మధ్య కట్టండి, దీపం పట్టుకొని సందులు వెతికి మూయండి. వచ్చే పంటకు చాకీ మూలకు పట్ట కట్టండి. ఆ తర్వాత పంటకు కప్పు సంగతి చూడండి. ఇంట్లో స్నానపు నీళ్ళు బోరు నుంచి వేళకు పట్టుకోండి. పురుగు వేడికి లోటు రానీయకుండా, మీటరు వేగం తగ్గించడం మన చేతిలోని పనే. చలి దాటి గూళ్ళు దిగేనాటికి, తెల్లగా గట్టిగా అల్లిన గూడు ఒక చేత, తేలికైన బిల్లు ఒక చేత పట్టుకొని మీరంతా మార్కెట్టుకు వెళ్ళాలని కోరుకుంటున్నాను.